ఉప్పు బిరడా

కొల్లాపురం సర్వే ఆఫీసుల
కిటికీ అద్దానికి ఆనిచ్చి చూస్తున్న, నకలు ఫిల్ము ముక్క.
అరవై ఏడు, మాఘమాసం. నీడలు ఉత్తరానికి సాగినయి.
నూరు మైళ్ల మీదికెళ్లి మా గుమ్మడిరేవు
వడ్లగింజంత.

ఊకెనే దొరకలేదు ఈ ఇద్దె వాళ్లకు.
మొదలు పన్నెండు సార్లు తప్పిందంట.
ఒక డబ్బా మంచుదేశంల పడి మాయమైంది.
ఒకదాన్ని కిందికి రమ్మంటే ఇంకా పైకి పోయింది.
కొన్నిట్ల గాలిలేని కాడ ఫిల్ము
అప్పడమై ఇరిగింది.
పదమూడోది సముద్రంల దొరికింది, దాంట్ల ఫిల్మే లేదు.
పద్నాలుగోది
గొడుగు కట్టుకొని దిగుతుంటే
విమానం తోకకు కొక్కేలు ఏలాడదీసి
గద్ద కోడిపిల్లను తన్నుకపోయినట్టు
గాల్లనే పట్టుకున్నరు.

పట్టు తప్పితే?
దానికీ ఉపాయం ఉండె:
డబ్బాకు ఉప్పు బిరడా.
రెండు దినాలు తేలుతది. అంతల మనోళ్లు రాకుంటే
ఉప్పు కరిగి, నీళ్లు జొచ్చి,
పరాయోళ్లకు దొరక్కుండ మునుగుతది.

చెప్తుంటే చెన్నకిష్టమ్మ నవ్వింది.
"మాకు ఆ రెండు దినాలు గూడ ఇయ్యలే గదప్పా."

ఎనభై ఒకటిల పుట్టి ఎక్కి వచ్చింది
మేకను, గంపను, జొన్నల మూటను ఏసుకొని.
ఇసుర్రాయి బరువైతదని ఆడనే ఇడిసింది.
భూమికి పైసలొచ్చినయి, బాయికి రాలే.
పహాణీల బాయి గడి కాడ ఉత్త గీత.

"యాడుందో చూపియ్యి."

భూతద్దం పెట్టిన.
రేవుకు దిగే బాట తెల్లగ. చింతతోపు మసకగ.
దాని పక్కన నల్ల చుక్క.
బాయి కావచ్చు.
ఫిల్ము కడిగినప్పుడు పడ్డ దుమ్ము కావచ్చు.
తొమ్మిదడుగులకు తక్కువది ఆ కంటికి ఆనదు.
మోట ఆనదు.
మోట మీద కూసున్న కుర్మయ్య ఆనడు.

ఏ దేశంలనో క్షిపణులు లెక్కవెట్టనీకి పోతున్న కన్ను
నడుమల మా మీద ఎందుకు రెప్ప తెరిచిందో.
మమ్మల్ని తడవకుండ పట్టుకపోయి
దాచిపెట్టిన్రు, ముప్పై ఏండ్లు, చీకట్ల.
అంతల
కృష్ణ ఎన్కకు ఎక్కింది.

చెన్నకిష్టమ్మ కొంగు కొసను నాలికకు అద్దుకొని
చుక్క మీద రుద్దింది, ఒకసారి, ఇంకోసారి.
"దుమ్మైతే పోతుండె" అన్నది.

నకలుల అచ్చువడ్డ దుమ్ము గూడ పోదని
నేను చెప్పలే.
అర్జీ కాయితం ముందటికి జరుపుకున్న.