పదకొండు సెకన్లు

బరంపురంలో సినిమాల సంత అంటే
మా నీలాలు నమ్మలేదు.
"పశువుకైతే పళ్ళు సూస్తారు,
సినిమాకేటి సూస్తార్రా?"

ఆ ప్రశ్నని పులిహోర డబ్బాతోపాటు సర్దుకుని
కాశీనగరంలో పాసింజరెక్కాను.
సంచిలో హార్డ్ డిస్కు, దాని చుట్టూ రెండు బనియన్లు.
మూడేళ్ళ పెళ్ళి వీడియోల సంపాదన
డెబ్బై ఒక్క నిమిషాలై
నా ఒళ్ళో నిద్రపోతోంది.

హోటల్లో పై అంతస్తు హాలు.
నిన్న ఎవరిదో నిశ్చితార్థం అయినట్టుంది,
స్తంభానికి ఒక బంతిపూల దండ మరిచిపోయారు.
ఇరవై నాలుగు బల్లలు, తెల్లగుడ్డలు, నీళ్ళ సీసాలు.
నా మెడలో వేసిన కార్డు మీద
టంకాల ఈశ్వర్రావు
ఒడియా గుండ్రాల్లో దొర్లి దొర్లి
టంకధర ఈశ్వర అయ్యాడు.
దిద్దమని అడగలేదు.
కొత్త పేరుకైనా కలిసొస్తుందేమో.

ఫారంలో భాషకి ఒకటే గడి.
మా సినిమాలో ముసలమ్మ
మేకతో తెలుగు మాట్లాడుతుంది,
బస్సు కండక్టరుతో ఒడియా,
ఏటితో మాత్రం వాళ్ళమ్మ నేర్పిన సవర.
గడి అగ్గిపెట్టెంత కూడా లేదు.
"ఏది ఎక్కువ?" అన్నాడు కుర్రాడు పెన్ను పట్టుకుని.
మౌనం ఎక్కువ బాబూ అన్నాను.
పాపం, జాబితాలో నిజంగానే వెతికాడు.

సినిమాకి పది నిమిషాలు. తరవాత గంట కొడతారు.
మొదటి బల్లావిడ, పాటలెన్ని అంది.
నాలుగో బల్లాయన ట్రైలరు చూస్తూ సమోసా తిన్నాడు,
సమోసాతోపాటే నా ఏరూ అయిపోయింది.
తొమ్మిదో బల్ల దగ్గర
కథ ఒక్క ముక్కలో చెప్పమన్నారు.
తప్పిపోయిన మేక కోసం ముసలామె ఏరు దాటుతుంది అన్నాను.
"దొరుకుతుందా?"
చెబితే మీరింక చూడరు కదా అన్నాను.
చెప్పకపోయినా చూడలేదు.

భోజనాల దగ్గర కొరాపుట్ అమ్మాయి సుబర్ణి
తన డాక్యుమెంటరీ పోస్టరు చాపలా పరిచి
దాని మీదే పళ్ళెం పెట్టుకుంది.
ఇవాళ దీనికి ఇదే మొదటి ఆట అని నవ్వింది.
పప్పు మరక పడ్డచోట
వాళ్ళ ఊరి కొండ ఉంది.

బల్లల గుడ్డలు మడతపెట్టే వేళకి
ప్రకటనలు తీసే కంపెనీ ఆయన కేకేశాడు.
ముప్ఫై రెండో నిమిషం దగ్గర ఆపి
వంశధార మీద మంచు చూపించాడు.
"ఈ పదకొండు సెకన్లు ఇస్తారా?
మనుషులెవరూ లేరు, శుభ్రంగా ఉంది.
సబ్బుకి బావుంటుంది."

శుభ్రంగా.
ఆ మాట దగ్గర నిలబడిపోయాను,
రద్దయిన రైలుకి నిలబడ్డట్టు.
తరవాత సంతకం పెట్టాను.
రెండువేల ఎనిమిది వందలు.
టంకధర ఈశ్వర పేరుతోనే పెట్టాను,
ఎప్పుడైనా ఎవరైనా అడిగితే
వాడెవడో నాకు తెలీదనొచ్చు.

తెల్లారి ఊళ్ళో దిగేసరికి
నీలాలు వాకిట్లో కొబ్బరీనెలు చీరుతోంది.
పడ్డ బాకీలో సగం చేతిలో పెట్టాను.
"కొనీసినారేటి?"
ఒక ముక్క.
"నాను ఏడిసిన ముక్కా?"
కాదు. నువ్వు లేని ముక్క. ఏరు, మంచు.

వేలు తడి చేసుకుని
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఆ మంచులోనా? నాను నేకపోడవేటి!
మేక అడ్డొచ్చీకుండా దాని మూతి మూసి
నీ కెమేరా పక్కన
మోకాల్లోతు నీటిలో నిలబడింది ఎవులు?
ఊపిరి కూడా తియ్యకే అన్నావు కదరా."

ఇంటికొచ్చి తలుపేసుకుని
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి
ఆ పదకొండు సెకన్లూ విన్నాను.
ఏరు. రెల్లు. దూరంగా గుణుపూరు రైలు.
ఆరో సెకను దగ్గర
ఎవరో, చాలా సన్నగా,
ఆపుకోలేక ఊపిరి వదిలారు.