బ లేని బడి

పుళియంతోపులో మా బడికి వెనకవైపు
మెట్ల కింద ఒక గది.
కాలు విరిగిన బెంచీలు, గాలి పోయిన ఫుట్‌బాలు,
మూడు స్వరాలే పలికే హార్మోనియం,
వాటితో పాటు మేమిద్దరం.
రిజిస్టర్లో మేము చదువు సాయం టీచర్లం.
పిల్లల నోట్లో మెట్లకింద టీచర్లం.

మంగైయర్కరసిది తమిళం.
నాది తెలుగు అంటాను గానీ
నేను చదువుకున్నదీ ఈ వీధి తమిళంలోనే.
తెలుగు అక్షరాలు ముప్పై రెండో ఏట దిద్దాను,
గూడూరు నుంచి మేనత్త పంపిన క్యాలెండర్ మీద.
ఇప్పటికీ ఒత్తు దగ్గర
నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది.

నలభై నిమిషాలకి నలుగురు చొప్పున వస్తారు,
తరగతిలో ఎవరికీ అడ్డం రాకుండా కూర్చోవడం
బాగా నేర్చుకున్న పిల్లలు.
వీళ్ళు నిద్ర లేచేసరికి
వీళ్ళ అమ్మానాన్నలు రెండు వీధులు ఊడ్చేసి ఉంటారు.

బంగారి హాజరు పట్టీలో పంగారి.
తమిళంలో ప ఉంది, బ కి వేరే గుర్తు లేదు.
కొత్త సారు ఉన్నదున్నట్టు పిలిచాడు.
క్లాసు నవ్వింది.
ఆ పిల్ల పలకలేదు.
ఎదురుగా కూర్చున్న పిల్లకి
రాలేదని గీత పడింది.

నేరుగా మా దగ్గరికొచ్చి అడిగింది
"నా బ యాడ పోయె టీచరా?"

నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది.
నిమిషానికి ఎన్ని మాటలు చదువుతారో
లెక్కగట్టడం నా పని.
ఈ ప్రశ్నకి గడి లేదు.

మంగై సుద్దముక్క తీసుకుని
బెంచీ వీపు మీద అంబు అని రాసింది.
బాణం.
"చూడు కన్ను, ఇదీ నీ ప నే.
మ్ పక్కన నిలబడింది గదా,
మెత్తబడి బ అయింది."
ఆమె తమిళంలో అంది, నేను తెలుగులో చెప్పాను.
చెబుతూ ఉంటే నాకే తెలిసొచ్చింది,
నలభై ఏళ్ళుగా ఆ అక్షరాన్ని చదువుతున్నాను,
అది ఎవరి పక్కన నిలబడిందో
ఒక్కసారీ చూడలేదు.

బంగారి సుద్ద లాక్కుంది.
తన పేరుకి ముందు ఒక చిన్న మ్
నెత్తిన చుక్కతో సహా పెట్టింది,
బజారులో చెల్లెలి చెయ్యి పట్టుకున్నట్టు.
మ్బంగారి.
ఏ వ్యాకరణమూ ఒప్పుకోదు.
తమిళంలో ఎమ్మే చేసిన మంగై
చెప్పబోయి
నోరు మూసుకుంది.

త్రైమాసిక పరీక్షలో హెడ్మాస్టరు
ఆ మ్ ని ఎర్ర ఇంకుతో కొట్టేశారు.
అర్ధ సంవత్సరం పేపరు మీద మళ్ళీ ఉంది,
ఇంకాస్త లావుగా.

డబ్బు ఇచ్చేవాళ్ళు వచ్చారు జనవరిలో.
ఎంతమంది మెరుగయ్యారు అన్నారు.
పదకొండు అన్నాం.
పన్నెండో వాడు ఓబులేసు.
వాణ్ణి ఏ గడిలో వెయ్యాలో
మా ఇద్దరికీ తోచలేదు.
మూడేళ్ళుగా పుస్తకం తెరిస్తే చాలు
జాలీ కిటికీలోంచి బయటికి చూస్తాడు.
బస్సు నంబర్లు చదువుతాడు.
ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెబుతాడు,
బోర్డు మీద ఊరి పేరు మాత్రం చదవడు.

కార్తీక మాసపు వానకి
వీధి నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చినప్పుడు
మేము చెప్పులు వెతుక్కుంటున్నాం.
వాడు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని
ఏడుసార్లు మేడెక్కి దిగాడు.
ఒక్కటీ తడవలేదు.
మధ్యలో హార్మోనియం కూడా తీసుకుపోయాడు,
ఎవరూ అడగలేదు.

నీళ్ళు తీశాక, గది ఆరాక,
మామూలుగానే వాడి ముందు పుస్తకం తెరిచాం.
మామూలుగానే వాడు కిటికీ వైపు చూశాడు.
మంగై స్టాప్‌వాచీ సొరుగులో పడేసింది.
ఏముందా అని
మేమూ చూశాం కాసేపు.