తొర్ర

మందస కొండల కింద, మూడో నంబరు కూపులో
ఆ చైత్రం రంపానికి ఒక కొస నాది,
రెండో కొస సవర జమ్మయ్యది.
గార్డు సున్నంతో గుర్తు పెట్టిందల్లా కోసేవాళ్ళం.
"తొర్రపడింది. కలపకి పనికిరాదు. తీసెయ్."

తానిచెట్టు అది.
మా ఇద్దరి చేతులూ చుట్టూ కలిపినా
ఇంకా జానెడు తక్కువ.
సగం కోశాక జమ్మయ్య రంపం ఆపేడు.
"నోపల ఏదో ఉందిరా. ఊపిరి తీస్తంది."
"గాలి" అన్నాను నేను.
కూలి నూటపది. పొద్దు వాలుతోంది.

పడ్డాక చూశాం.
తొర్ర నోటికి మట్టితో, రెట్టతో మెత్తిన గోడ,
మధ్యన చిటికెనవేలు పట్టేంత చీలిక.
లోపల కొమ్ముముక్కు పిట్ట,
రెక్కల ఈకలన్నీ రాల్చుకుని
చితికిన గుడ్ల మీద.

సాయంత్రం పోతుపిట్ట వచ్చింది, ముక్కున జువ్విపండు.
గాలిలో చెట్టు ఉండాల్సిన చోట
రెక్కలు కొట్టుకుంటూ ఆగింది.
మర్నాడూ వచ్చింది. మూడోనాడూ.
నాలుగోనాడు మమ్మల్ని పక్క కూపుకి మార్చారు.

తొలకరికి తాడు కట్టి గుంటలు తవ్వాం.
మీద జీడి, దిగువన నీలగిరి.
అబద్ధమెందుకు,
మా ఇంటికి శ్లాబు పడింది ఆ జీడి వల్లే.
పలాస బట్టీలో పిక్కలు కొట్టి కొట్టి
కోడలి వేళ్ళు నల్లబడ్డదీ ఆ జీడి వల్లే.

మొన్న లెక్కల బాబు ఫోనులో పటం చూపించాడు.
కొండంతా పచ్చ.
"అడవి పెరిగింది తాతా!"
పచ్చే, కాదనను.
పికిలిపిట్టలున్నాయి, కాకులకి కొదవలేదు.
వడ్రంగిపిట్ట ఒకటి అప్పుడప్పుడూ వచ్చి
నీలగిరి మొద్దు మీద రెండు దెబ్బలు కొడుతుంది,
అద్దెకిల్లు ఉందా అని అడిగినట్టు.
చెవి పెట్టి వింటుంది. పోతుంది.
జువ్విమొక్క మాత్రం కొత్తగా ఒక్కటీ లేవలేదు.
తిని, మోసుకెళ్ళి, రాల్చే గొంతేదీ?

"తొర్ర పడ్డానికి ఎన్నేళ్ళు పడుతుంది?" అడిగాడు బాబు.
జమ్మయ్య చుట్ట నలిపి చెవిలో దోపుకున్నాడు.
"సెట్టుని ముసిల్దవనియ్యాల. మరేటీ నేదు."
బాబు రాసుకున్నాడు. ఏ గడిలో రాశాడో.

తాని మొదలు మళ్ళీ చిగిర్చింది.
ఇప్పుడు నా తొడంత లావు.
ఒక కొమ్మ ఎండింది, కొట్టేస్తానంటాడు కొడుకు.
ఉండనీ అంటాను.
ఎందుకని అడిగితే
గాలికి, అంటాను.