జెండా పాట

ఎమ్మే రెండో ఏడు, ఆఖరి పేపరుకు
పరీక్ష లేదన్నది భాగ్యరేఖ మేడం.
చప్పట్లు కొట్టినం.
"ధర అంటే ఏందో
వెబ్‌సైటు కట్టి నాకు సమజు చేయుండ్రి"
అన్నంక ఆ చప్పట్లు యాడ దాచుకోవాల్నో తెలువలే.

తెల్లారగట్ల ఎనుమాముల యార్డు.
బండ్లు, బస్తాలు, తుమ్ములు.
నౌషీన్ మూతికి దస్తీ కట్టుకొని
ఒక్కో లాటుకు ఒక్క ఫొటో తీసి
ఒక్కో ఫొటోకు రెండుసార్లు తుమ్మింది.
వాళ్ల తండాల పండే పంటేనాయె,
తిరుపతి తుమ్మకుండ నిలబడ్డడు.
కండ్లు మాత్రం కారినయి.

హాస్టల్ల రెండో అంతస్తు మెట్ల మీదనే సిగ్నలు.
అదే మా కార్ఖానా.
రవళి కోడు రాస్తది, నేను అంకెలు నింపుత.
ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాపు,
చార్జింగు వైరుకు కట్టేసిన మేక.
మిర్చి అని కొడితే
చ వత్తు ఊడి పక్కకు పడేది,
రాత్రంత దాన్ని ఎత్తి అంటుపెట్టుడే సరిపాయె.
పేజీకి ఎరుపా నీలమా అని
రెండు రోజులు మాట్లాడుకోలే.

పుస్తకంల రెండు గీతలుంటయి,
ఒకటి ఎక్కుతది, ఒకటి దిగుతది,
కలిసిన కాడ ధర.
యార్డుల జెండా కాడ సేట్లు నిలబడి
అన్నిట్ల మంచి లాటు మీద చెయ్యేసి
పాట మొదలువెడుతరు.
మేం మొదటి పేజీల పెద్ద అచ్చరాలతోని పెట్టినం:
ఈనాటి ధర ఇరవై వేల మూడు వందలు.
పక్కన పచ్చ బాణం,
మీదికి ఎగురుతున్నట్టు రవళి దానికి కదలిక నేర్పింది.
మూడు వందల మంది చూసిండ్రు.
ఆ రాత్రి చౌరస్తా కాడ బజ్జీలు తిన్నం.

నాలుగో రోజు ఓదెలు వచ్చిండు,
శాయంపేట దిక్కు మనిషి.
కొడుకు ఫోను మా ముందట పెట్టి
"ఇది మీరు రాసిందేనా బిడ్డా" అన్నడు.
తిట్టలే. తిడితే బాగుండు.
అంగీ జేబుల తక్‌పట్టీ తీసి
తొడ మీద పెట్టి మడతలు సాపు చేసిండు.
పద్నాలుగు వేల ఆరు వందలు.
అండ్లకెల్లే తరుగు, హమాలి, దడువాయి, అడ్తి.
"మీ బాణం చూసి ట్రాలీ మాట్లాడుకొని తెచ్చిన.
ఇరవై వేలు ఎవలికి పడ్డయో
ఆ మనిషిని సూపెట్టుండ్రి,
ఒక్కపారి సూసి పోత."

వెతికినం.
నూట డెబ్బై లాట్లల్ల ఆ ధర పలికింది ఒక్కదానికి.
పదకొండు బస్తాలు.

రాలిన కాయలు చాటల కెత్తుకుంట
మొగిలమ్మ మా మొకాలు చూసి నవ్వింది:
"జెండా పాట పెండ్లి బాజా లెక్క బిడ్డా,
ఊరంత ఇంటది,
పెండ్లి ఒక్కలకే."

గరిష్ఠం, సగటు, మధ్యగతం, బహుళకం.
డిగ్రీల బట్టీ పట్టిన రెండు మార్కుల మాటలు.
ఆ రాత్రి అవి నలుగురు మనుషుల లెక్క వచ్చి
మెట్ల మీద మా పక్కన కూసున్నయి.
గరిష్ఠం ఇస్త్రీ అంగీ తొడుక్కున్నది.
మధ్యగతం మోకాళ్లకు మట్టి.

బాణం తీసేసినం. రవళి ఏడ్చింది,
దానికి ఎగురుడు నేర్పనీకె రెండు రాత్రులు పట్టింది మరి.
ఇప్పుడు పేజీ తెరిస్తే ఒక్క ధర లేదు,
నూట డెబ్బై చుక్కలు.
మీద ఒక్కటే ఒక్కటి, దూరంగ.
కింద గుంపు, ఒకదాన్నొకటి తొక్కుకుంట.
ఏ చుక్కను ముట్టినా
దాని తక్‌పట్టీ విప్పుకుంటది.
తాలుకాయకు తెల్ల చుక్క పెట్టినం,
తెల్ల పేజీ మీద అది కనవడదని
నౌషీన్ చెప్పేదాక మాకు తట్టలే.

మొగిలమ్మ కూలి ఏ గడిల రాయాల్నో తెలువలే.
ఆమె చేతికి వచ్చేది పైస కాదు,
ఆమె ఊడ్చిందే.
తిరుపతి ఒక గడి గీసి, పేరు రాసి,
అంకె జాగ వదిలిపెట్టిండు.
మేడం మిగిలినయన్ని గబగబ చూసి
ఆ ఖాళీ కాడ ఆగింది.
పెన్ను మూత పెట్టింది, తీసింది, మల్ల పెట్టింది.

ఓదెలు మల్ల రాలే.
వాళ్ల కొడుకు నంబరుకు కొత్త పేజీ పంపిన.
పొద్దుమీకి రెండు గీతలు నీలంగ మారినయి.
జవాబు లేదు.
నేను ఇంక అంకెలు నింపుతనే ఉన్న.