ఆరుబయట ఒక గంట

తెలుగు క్యాలెండర్‌లో శ్రావణం.
బ్యాలరాట్‌లో పచ్చికంతా
ఎవరో రాళ్ళుప్పు చల్లిపోయినట్టు.

వంటింటి కిటికీ దగ్గర
పెరుగు డబ్బాల్లో, కోడిగుడ్ల అట్టల్లో
ముప్పై ఆరు క్యాబేజీ, పద్దెనిమిది ఉల్లి,
నా మొండితనం కొద్దీ నాలుగు వంగ.
హీటరు వెచ్చదనానికి మెడలు సాగి
గాజు మీదికి వాలి చూస్తున్నాయి,
బయటంటే ఒట్టి వెలుగే అనుకుంటున్నాయి.

"ఇవాళ గంట. రేపు రెండు," అన్నాడు
కంచె అవతల నుంచి పాస్కో.
ఆయన మాటలూ గంటకొకటే.

మోకాలి ఆపరేషనై అయిదో వారం.
చేతికర్ర ఒక పక్క, ట్రే ఒక పక్క,
మూడు మెట్లు దిగడానికి
ఒక కార్తె పట్టింది నాకు.
ఇస్త్రీ బల్ల గోడవారన వేసి
దాని మీద పెట్టాను, నత్తలకి అందకుండా.
మొదటి గాలికి
అన్నీ ఒకేసారి అటు తిరిగాయి,
తరగతిలోకి కొత్త టీచరు వచ్చినట్టు.

రోజూ అరచేత్తో నిమరమన్నాడు.
ఇరవైసార్లు అటు, ఇరవైసార్లు ఇటు.
ముద్దు చేయడానికి కాదట,
గాలి చెయ్యి ఎంత బరువో తెలియడానికట.
నేను లెక్క తప్పేదాన్ని.
ముప్పై, నలభై...
కాడలు పొట్టివై, గట్టివై,
చెయ్యి తీస్తే టక్కున లేచేవి.

ఎనిమిదో రోజు సాయంత్రం
నొప్పి మాత్ర వేసుకుని సోఫాలో ఒరిగాను.
మెలకువొచ్చేసరికి నాలుగు.
ఆకాశం నిండా చుక్కలు.
మబ్బులేని రాత్రి ఎంత అందమో
నారు పోసినవాళ్ళని అడగాలి.

చెప్పుల్లేకుండా పరిగెత్తానని రాయాలనుంది.
కుంటుతూ వెళ్ళాను.
ఇస్త్రీ బల్ల మీద గుడ్డ రేకులా బిగుసుకుంది.
టార్చి వెలుగులో ఆకులు
ముట్టుకుంటే చిట్లేలా.

లోపలికి తేబోతుంటే
కంచె మీద ఇంకో టార్చి.
"హీటరు దగ్గర పెట్టావో, చచ్చాయే.
ఎండ తగలకముందు చన్నీళ్ళు చిలకరించు."
ఈ మనిషి ఎప్పుడు నిద్రపోతాడు?
అడిగాను.
ఐలీన్ పోయినప్పట్నుంచి, అని
అక్కడితో ఆపేశాడు.
ఆయన మగ్గు, నా చెంబు.
తూర్పు తెల్లబడేదాకా
మాటల్లేకుండా చిలకరిస్తూనే ఉన్నాం.

పొద్దెక్కాక చూస్తే
వంగ నాలుగూ ఉడికిన బచ్చలి.
అది నా తప్పు, చలి తప్పు కాదు.
ఉల్లికి అసలేం జరిగిందో తెలీదు.
క్యాబేజీలు మధ్యాహ్నం దాకా తల వేలాడేసి
తర్వాత ఒక్కోటీ
వంగిన చోట ఊదారంగు తేలి
నెమ్మదిగా నడుములెత్తాయి.
ముప్పై ఆరులో ముప్పై ఒకటి.
మిగతా అయిదు డబ్బాలూ కడగలేదు ఇంకా.

ఇవాళ మూడో మెట్టు మీద గుర్తొచ్చింది,
కర్ర లోపలే మరిచిపోయానని.
ట్రే ఇక ఇంట్లోకి రాదు.
రాత్రికి మంచుందో లేదో
రేడియో పెట్టలేదు.
అలవాటు పోక అరచెయ్యి సాచాను.
చల్లగా, కాస్త గరుగ్గా
ఈసారి ఆకులే
నా చేతిని వెనక్కి నెట్టాయి.