గంట్లు

నెల్లిమర్లలో పాసింజరు దిగేసరికి
జూటు మిల్లు గేటు ముందు టీ ఇంకా కాగలేదు.
"గుడికేనా బాబూ?" అన్నాడు ఆటో అతను.
గుడికి కాదు, గుడి దాటాక కొండకి.
"అక్కడేటుందండీ, రాళ్లు తప్ప?"
రాళ్లకే అన్నాను. నడిచే వెళతానన్నాను.
జాలిగా చూసి హారన్ కొట్టుకుంటూ పోయాడు.

గోగు నానేసిన గుంటల కంపు
రెండు మైళ్లు నాతోనే వచ్చింది.
మోకాలిలోతు నల్లనీళ్లలో నార ఒలిచేవాళ్లు
ఎవరూ తలెత్తలేదు.
మడమ దగ్గర చెప్పు కొరికిన చోట
అరటాకు ముక్క మడిచి పెట్టుకున్నాను.

కొండకి మొదట మెట్లున్నాయి.
తర్వాత మెట్లలాంటివి.
తర్వాత కొండే.

పైన ఇటుక పునాదులు,
ఊరంతా పడుకుని లేచి వెళ్లిపోతే
నేలమీద మిగిలిన చాప అచ్చుల్లా.
కాళ్లు చాపితే గోడ తగిలే గదులు.
ఏ గదిలోనూ పొయ్యి జాడ లేదు.
బండలో తొలిచిన తొట్టిలో
నిన్నటి వాన, ఒక కప్ప.
ఇంత ఊరికీ అదొక్కటే అనుకున్నాను.

రాతి చూరు కింద మేకలు కదిలాయి.
వాటి మధ్య అసిరమ్మ,
నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ పీలుస్తోంది.
"ఎవులు బాబూ నువ్వు? సర్వేకొచ్చినావా?"
చూడ్డానికమ్మా.
"సూడు. టికెట్టేటి అడగడు ఆయన."
గెడ్డంతో గోడ వైపు చూపించింది.

గోడలో ఆయన.
బట్ట లేదు, ముక్కు లేదు, తొందర లేదు.
తల వెనక పాము పడగలు, ఐదో ఏడో,
రెండు వానకి అరిగాయి.
ఒళ్లో మేకపిల్ల.
"సన్నేసి దేవుడు" అంది అసిరమ్మ.

మా తాత పేరూ సన్నాసే.
ఏడుగురు పిల్లలు, ఒక మేకు సంచి.
గజపతినగరం నుంచి గరివిడి దాకా
"రోలుకి గంట్లో, తిరగలికి గంట్లో" అని
ఊరూరూ అరుచుకుంటూ తిరిగేవాడు.
ఎగిరిన రాతిపొడి ఒక కన్ను తీసుకుంది.
రెండో కన్ను మిక్సీలు వచ్చేదాకా ఉంది.

దేవుణ్ణి వదిలేసి గోడ తడిమాను,
దివిటీ పెట్టే గూడు పక్కన, ఎవరూ చూడని మూల,
నునుపు చెయ్యకుండా వదిలేసిన జానెడు రాయి.
వేలికి తగిలాయి గంట్లు,
వరసగా, పొట్టిగా, అన్నీ ఒకే వాటంగా
ఎడమ నుంచి కుడికి జారుతూ.
మళ్లీ తడిమాను.
పుర్రచెయ్యి.

తాతదీ పుర్రచెయ్యే.
ఆయన కొట్టిన రోట్లో పప్పు
ఎప్పుడూ ఓ పక్కకే పోతుందని
అమ్మ విసుక్కునేది.
ఇక్కడ ఎవరు విసుక్కున్నారో.
పక్కనున్నవాడి మోచేతికి తగులుతున్నాడని
వీణ్ణి ఈ మూలకి తోసేశారేమో.
గురువుల మాటలు నేర్చినవాళ్లు రాసుకున్నారు.
వీడు మధ్యాహ్నం ఏం తిన్నాడో,
ఎన్ని ఉలులు మొద్దుబారాయో,
చీకట్లో దగ్గుతూ ఎవర్ని తిట్టుకున్నాడో,
అది మాత్రం ఈ జానెడే.

చాలాసేపు నుంచున్నట్టున్నాను.
"దేవుడు ఇటుంటే అటు దండమెడతావేటి?"
అసిరమ్మ నవ్వితే పొగ దారి తప్పింది.
చెప్పాను, తాత సంగతి.
ఆవిడ దేవుణ్ణి మర్చిపోయింది.
"మరైతే నీకొచ్చునా గంట్లు కొట్టడం?
మా సన్నికల్లు నున్నగైపోనాది,
కారం జారిపోతంది."

రాదమ్మా.
నాది కరెంటాఫీసులో రసీదులు కొట్టే పని.
"ఉలైనా ఉందా?"
ఉంది.
గాలికి కొట్టుకోకుండా
తలుపు కింద పెడతాం.

మేకల్ని అదిలించుకుంటూ లేచింది.
"ఈసారొచ్చినప్పుడు అట్టుకురా.
రాకపోతే నేర్చుకోవాల."

దిగేటప్పుడు మెట్లలాంటివి వచ్చాయి,
తర్వాత మెట్లు.
ఎడంచేత్తో కర్ర పట్టుకున్నానని
సగం దూరం పోయాక చూసుకున్నాను.