రెట్ట

తాడు అపొల్లూస్ మామ చేతుల్లో ఉంది.
నేను కొండకి వేలాడుతున్నాను.
కాళ్ళ కింద ఆగస్టు నెల ఫియర్డు,
పాచి పట్టిన సీసా రంగులో.
పక్కన ఇంకో తాడుకి విబెకె.
కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన ఈ పిల్ల
రొట్టె కోసే కత్తితో
డేగ గూట్లో రెట్ట కోస్తోంది.

గూడు అని నోరు జారాను.
ఈ డేగ గూడు కట్టదు.
జన్మలో ఒక్క పుల్ల ముక్కున పట్టి ఎరగదు.
బొంతకాకి వదిలేసిన కొంపైనా సరే,
నెత్తిన చూరులా రాయి ఉన్న
వట్టి అరుగైనా సరే.
రొమ్ముతో చిన్న గుంట చేసుకుని,
ఉమ్మి నేలకి చేరకముందే గడ్డకట్టే ఏప్రిల్‌లో
తుప్పు మరకల గుడ్లు మూడో నాలుగో పెట్టి
అయిదు వారాలు పొదుగుతుంది.

మగది చిన్నది.
సంసారానికి తిండి తేవడం దాని వంతు.
ఆకాశం నుంచి పిడుగులా పడుతుందని
చూడనివాళ్ళు చెబుతారు.
నేను చూసింది వేరు:
నేలబారున, రాళ్ళ చాటున,
మంచుకౌజు వెనకాలే, వెనకాలే,
దాని గుండె ముందు ఓడిపోయేదాకా.
తర్వాత ఒక రాతి మీద ఈకలు పీకి
మిగిలింది సందులో దాస్తుంది.
ఎక్కడ దాచిందో మరిచిపోదు.
"మీ బాబాయికి ఈ బుద్ధి లేకపోయె"
అంటాడు మామ పైనుంచి.

చీకటి నెలల్లో ఎక్కడుంటుందో
మాకు తెలిసేది కాదు.
విబెకె వాళ్ళు కొన్నిటి వీపున యంత్రం కట్టాక తెలిసింది.
సముద్రంలో.
తేలే మంచుపలక మీద,
నేల కంటికి ఆననంత దూరంలో, వారాల తరబడి,
నీటిపిట్టల్ని తింటూ.
ఆ కబురు విన్న రాత్రి
ఎందుకో దుప్పటి కాళ్ళ దాకా లాక్కున్నాను.

రెట్ట పొరలు పొరలుగా వచ్చింది.
పైన సున్నం,
కింద తేనె రంగు,
ఇంకా కింద నెమరేసిన గడ్డిలా ముదురు.
చలికి కుళ్ళదు, వానకి కరగదు,
వాన ఇక్కడికి వచ్చేది తక్కువ గనక.
ఈమధ్య వస్తోంది.
జనవరిలో కూడా వస్తోంది.

కబురు చలికాలంలో వచ్చింది.
అడుగు పొర వయసు
రెండున్నర వేల ఏళ్ళు.

మామ కాఫీ కప్పు కింద పెట్టాడు.
మా పూర్వీకుల పడవలు ఈ తీరం చేరడానికి
పదిహేడొందల ఏళ్ళ ముందే
ఈ అరుగు మీద ఎవరో తిని, దొడ్డికెళ్ళి,
పిల్లల్ని ఎగరేసి పంపారు.
"కాగితం ఉందా వాళ్ళకి?" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

గని ఊరు మూసేసినప్పుడు మామకి తొమ్మిదేళ్ళు.
బొగ్గు అయిపోయిందన్నారో, గిట్టలేదన్నారో.
మూడో అంతస్తులో గది ఇచ్చారు,
కుక్కలకి చోటు లేదు.
వాళ్ళ నాన్న ఒక్కోదాన్నే
కొండ వెనక్కి తీసుకెళ్ళి
తాడు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.
పదకొండు సార్లు.
ఇది నాకు అమ్మ చెప్పింది.
మామ ఆ రాత్రి చెప్పింది ఇంతే:
"మా ఇంటి తలుపు నీలం."

ఏప్రిల్‌లో పడవ దారి తెరుచుకోలేదు.
మంచు మీద నడిచి వెళ్ళాం,
గొట్టాం దుర్బిణీ వంతులేసుకున్నాం.
ఆడది వచ్చి ఉంది.
పాలతెలుపు, వీపున సిరా విదిలించినట్టు.
మేం కోసిన చోటు రాతి మీద
గాయంలా కనిపిస్తోంది ఇంకా.

అది లేచి, వెనక్కి తిరిగి,
తోక ఎత్తింది.

మామ చాలాసేపు
దుర్బిణీ నాకు ఇవ్వలేదు.